ఎనిమిది పాయింట్ల చెన్నై

కుటుంబ సమేత చెన్నై దర్శనం వేసవి సెలవుల్లో తెలుగువాళ్లు పట్టే ఒక వ్రతం. తెల్లవారుజామున లాడ్జి ముందు వ్యాను ఎక్కడంతో మొదలై, రాత్రి సెంట్రల్ స్టేషన్ ముందు సామాను దించుకోవడంతో ముగుస్తుంది. ఈ మధ్యలో చూసేవాటిని పాయింట్లు అంటారు. కరపత్రాన్ని బట్టి అవి ఆరు, ఎనిమిది, పన్నెండు దాకా ఉంటాయి. పాయింట్లు పెరిగినంత మాత్రాన పగలు పెరగదు కనుక ఒక్కో చోట నిలబడే సమయం తగ్గుతుంది. అయినా గిరాకీ పన్నెండుకే ఎక్కువ. ఎనిమిది చూసొచ్చినవాడు పన్నెండు చూసొచ్చిన తోడల్లుడి ముందు తలెత్తుకుని కూర్చోవడం కష్టం.

ఆచారం పాతదే. 1960, 70 దశకాల్లో తిరుపతి కొండ దిగిన యాత్రికుల బస్సులు నేరుగా మద్రాసు వచ్చేవి. త్యాగరాయనగర్ బజుల్లా రోడ్డులో ఎన్.టి. రామారావు ఇంటి ముందు పొద్దున్నే ఆగేవి. వెంకటేశ్వరస్వామిని కొండమీద చూసి, ఆ వేషం కట్టిన మనిషిని కింద చూసి వెళ్లడం అప్పటి పర్యటన పథకం. మిగిలిన పూటకు వడపళని స్టూడియోల గేట్లు, జంతుప్రదర్శనశాల, మ్యూజియం ఉండేవి. మద్రాసు సామాన్యుల వాడుకలో మ్యూజియం చచ్చిన కాలేజీ, జూ బతికిన కాలేజీ. ఆ బస్సుల్లో బామ్మలు, చంటిపిల్లలు, గుండు గీయించుకున్న తండ్రులు అందరూ ఉండేవాళ్లు. అది కుటుంబాలకు అనువైన యాత్ర అని ఎవరూ అచ్చు వేయించలేదు. ఎవరికీ ఆ అనుమానం రాలేదు.

తరువాత తెలుగు సినిమా హైదరాబాదుకు తరలిపోయింది. 1982లో పార్టీ పెట్టిన రామారావు కూడా అక్కడివాడయ్యాడు. విజయా వాహినీ స్టూడియో నేలలో ఆసుపత్రి, మాల్ వెలిశాయి. చూడడానికి వచ్చేవాళ్లు మాత్రం రావడం మానలేదు. ఖాళీ అయిన చోటును పూరించడానికి పాయింట్లు, పాయింట్లను అమ్మడానికి ‘ఫ్యామిలీ ఫ్రెండ్లీ’ అన్న బిరుదు అవసరమయ్యాయి.

కరపత్రం మీది కుటుంబంలో నలుగురుంటారు. తండ్రి, తల్లి, ఒక అబ్బాయి, ఒక అమ్మాయి. నలుగురూ ఒకేసారి నవ్వుతుంటారు, ఎవరికీ చెమట పట్టదు. వ్యాను ఎక్కే కుటుంబం వేరు. అందులో మోకాళ్ల నొప్పుల బామ్మ, షుగరున్న తాతయ్య, కిటికీ పక్క సీటు ఇవ్వకపోతే వాంతి చేసుకునే బాబు, ఏదీ చూడనని ముందే తీర్మానించుకున్న ఇంటర్ పిల్ల, పులిహోర డబ్బా ఒళ్లో పెట్టుకున్న మేనత్త ఉంటారు. బిరుదు మొదటి కుటుంబాన్ని ఉద్దేశించినది. డబ్బు రెండో కుటుంబం కడుతుంది.

మొదటి పాయింటు సాధారణంగా సెయింట్ జార్జి కోట. 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడు అనే తెలుగు పాలకుడు ఈస్టిండియా కంపెనీ మనిషి ఫ్రాన్సిస్ డేకి ఇక్కడి ఇసుకనేల రాసిచ్చాడు. ఆయన తండ్రి చెన్నప్ప నాయకుడి పేరు మీదే చెన్నపట్నం అయిందని ఎక్కువగా చెబుతారు. కోటలో ఇప్పుడు రాష్ట్ర శాసనసభ, సచివాలయం నడుస్తున్నాయి. లోపలికి వెళ్లాలంటే తనిఖీ కావాలి, తనిఖీకి సమయం కావాలి. కనుక కోటను కదిలే వ్యానులోంచి చూపిస్తారు. ఒక వైపు కిటికీ వాళ్లకు కోటగోడ, రెండో వైపు వాళ్లకు పక్కనే ఆగిన సిటీ బస్సు కనిపిస్తాయి. లెక్కలో మాత్రం ఇద్దరికీ ఒక పాయింటు పూర్తయినట్టే.

రెండోది ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియం. ఇక్కడ కాస్త ఆగాలి, వ్యాను ఎలాగూ ఆగదు కనుక. 1851లో ఎడ్వర్డ్ బాల్ఫోర్ అనే వైద్యుడి చేతిలో మొదలైన ఈ మ్యూజియంలోనే ఒకప్పుడు బతికున్న జంతువులను కూడా పెట్టారు. నగరపు జూ అక్కడే పుట్టి పెరిగి వేరు కాపురం పెట్టింది. అన్నిటికంటే ముఖ్యం, గుంటూరు వైపు నుంచి వచ్చే కుటుంబానికి సొంత ఊరి సొత్తు ఇక్కడుంది. అమరావతి స్తూపాన్ని 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి శిల్పాలను మద్రాసు పంపాడు. 1859లో వాటిలో చాలా భాగం ఓడెక్కి లండన్ చేరి, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఇక్కడ మిగిలినవాటిని, తరువాతి తవ్వకాల్లో దొరికి వచ్చినవాటిని ఎగ్మూరు గదుల్లో ఒకప్పుడు సిమెంటుతో గోడలకు అతికించేశారు. ఆ సిమెంటు చేసిన హాని గురించి పురావస్తు నిపుణులు తరువాత చాలాకాలం తల పట్టుకున్నారు.

వాటిలో ఒక గుండ్రటి ఫలకం ఉంది. దేవదత్తుడు బుద్ధుణ్ణి చంపించడానికి నాలాగిరి అనే ఏనుగుకు మద్యం పట్టించి రాజగృహం వీధిలోకి వదిలిన కథ అందులో చెక్కారు. ఒకే చక్రంలో ఒకే ఏనుగు రెండుసార్లు కనిపిస్తుంది. ఒకసారి మనుషులను తొక్కుతూ, చిమ్ముతూ. ఇంకోసారి బుద్ధుడి ముందు మోకరిల్లి. మేడమీది కిటికీల్లోంచి జనం తొంగిచూస్తుంటారు. భయపడ్డవాళ్లు ఒకళ్లమీద ఒకళ్లు పడుతుంటారు. గళ్లు గీయకుండా, మాటలు రాయకుండా చెప్పిన ఈ బొమ్మల కథ ఏడేళ్ల పిల్లకు ఏ గైడూ లేకుండా అర్థమవుతుంది. ఇంత చేసిన శిల్పి దాదాపు పద్దెనిమిది వందల ఏళ్ల కిందట కృష్ణ ఒడ్డున కూర్చున్నవాడు. ప్యాకేజీ దీన్ని పిల్లలకు ఆసక్తి లేని విభాగంగా గుర్తించి, తిమింగలం ఎముకల దగ్గర ఒక ఫోటో తీయించి, అదే ఆవరణలో ఉన్న పిల్లల మ్యూజియం మీదుగా వ్యానులోకి తోలుకుపోతుంది. మ్యూజియానికి శుక్రవారం సెలవు. శుక్రవారం వచ్చిన కుటుంబానికి గేటు చూపిస్తారు. సోమవారం మొసళ్ల కేంద్రం, మంగళవారం వండలూరు జూ, పాత ఇళ్ల ప్రదర్శన దక్షిణచిత్ర మూసి ఉంటాయి. కరపత్రానికి మాత్రం వారం లేదు, అందులో పర్యటన ‘ప్రతిరోజూ’ బయలుదేరుతుంది.

మెరీనాను పదకొండింటికి చూపిస్తారు. మే నెల అగ్నినక్షత్రం రోజుల్లో పదకొండింటికి చెన్నై మనుషులెవరూ ఆ ఇసుకలో కాలు పెట్టరు. వాళ్లు తెల్లవారకముందు నడకకు వచ్చి వెళ్లిపోతారు, లేదా సాయంత్రం గాలి తిరిగాక వస్తారు. ఆ రెండు వేళలూ ప్యాకేజీలో ఖాళీగా లేవు. రోడ్డు నుంచి నీటి దాకా ఇసుక ఎంత వెడల్పుగా ఉంటుందంటే, ఇచ్చిన ఇరవై నిమిషాల్లో సగం పోవడానికి, సగం రావడానికి సరిపోతుంది. నీటి అడుగున లాగే ప్రవాహం బలంగా ఉండడం వల్ల అక్కడ స్నానాలు నిషేధం, బోర్డులు కూడా పెట్టారు. పిల్లవాణ్ణి సముద్రం దాకా తీసుకెళ్లి, సముద్రాన్ని ముట్టుకోవద్దని చెప్పి, కాలిన పాదాలతో వెనక్కి నడిపించడం ఈ పాయింటులో ఉన్న వినోదం. కొబ్బరి, పచ్చిమామిడి కలిపిన బఠాణీ గుగ్గిళ్లవాళ్లు, మిరపకాయ బజ్జీల బండ్లు జోరందుకునేది సాయంత్రమే కనుక ఆ ఓదార్పూ లేదు.

ఒడ్డునే సమాధులున్నాయి. 1969లో అన్నాదురై, 1987లో ఎం.జి. రామచంద్రన్, ఆ తరువాత జయలలిత, కరుణానిధి. ఎం.జి.ఆర్. సమాధి పలకకు చెవి ఆనిస్తే ఆయన చేతి గడియారం ఇంకా టిక్‌టిక్‌మంటున్నది వినిపిస్తుందని జనం నమ్మకం. ఈ ఒక్క పాయింటు దగ్గర ఎవరూ తొందరపెట్టరు. కుటుంబంలో అందరూ వరసగా వంగి వింటారు. వినిపించిందని చెప్పినవాళ్లు లేచి పక్కకు వస్తారు, వినిపించలేదన్న పిల్లవాణ్ణి మళ్లీ వంచుతారు. కొంచెం దక్షిణాన, 1977 నాటి లైట్‌హౌసు ఉంది. చాలా ఏళ్లు మూతపడి 2013లో సందర్శకులకు మళ్లీ తెరుచుకుంది. దీపస్తంభాల్లో అరుదైన వసతి, అంటే లిఫ్టు, దానికుంది. మోకాళ్లు వంగని బామ్మ కూడా పైకి వెళ్లి తీరం వంపు మొత్తం ఒక్కచూపులో చూడగలిగే చోటు అది. ఆ కారణం చేతనేమో, జాబితాలో ఎక్కువగా కనిపించదు.

మైలాపూరు కపాలీశ్వరాలయం మధ్యాహ్నం మూసి నాలుగింటికి తీస్తారు. తమిళనాడులో చాలా గుళ్ల పద్ధతి ఇదే. ఎన్నో వందల ఏళ్లుగా ఇదే. ఉదయం చిక్కుల్లో ఆలస్యమైన వ్యాను సరిగ్గా తలుపులు వేసిన పది నిమిషాలకు గోపురం ముందు ఆగుతుంది. గోపురం మీది బొమ్మలు బయటినుంచే బాగా కనిపిస్తాయని గైడు ధైర్యం చెబుతాడు. ఆ ధైర్యం అబద్ధం కాదు. ఇదే మైలాపూరులో, రాయపేట హైరోడ్డు మీద పొట్టి శ్రీరాములు స్మారక భవనం ఉంది. తెలుగువాళ్లకు వేరే రాష్ట్రం కోసం 1952 అక్టోబరు 19న మొదలుపెట్టిన నిరాహారదీక్ష డిసెంబరు 15 రాత్రి ఆయన ప్రాణంతో ముగిసింది ఇక్కడే, బులుసు సాంబమూర్తి ఇంట్లో. మరుసటేడు అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. ఆ రాష్ట్రం నుంచి వచ్చినవాళ్ల వ్యాను ఆ సమయంలో ఆంధ్రా మెస్ కోసం వెతుకుతూ అటుగానే తిరుగుతుంటుంది. పక్క రాష్ట్రపు రుచి చూడడానికి వచ్చినవాళ్లకు గోంగూర పచ్చడి, కందిపొడి దొరక్కపోతే గైడు మీద ఫిర్యాదు పోతుంది. యాభై ఎనిమిది రోజులు అన్నం ముట్టని మనిషి ఇల్లు చూడడానికి భోజనవేళ తగినది కాదని నిర్వాహకులు భావించి ఉండవచ్చు.

ఇక కరపత్రం మాట్లాడని విషయం మరుగుదొడ్డి. కుటుంబానికి ఒక చోటు అనువైనదా కాదా అన్నది నీడ, కూర్చునే బల్ల, తాగే నీళ్లు, శుభ్రమైన మరుగుదొడ్డి తేల్చేస్తాయి. జలపాతం, జారుడుబల్ల, సెల్ఫీ పాయింటు ఆ తరువాతివి. పాయింట్ల జాబితాలో మొదటి నాలుగింటికీ చోటు లేదు. మగవాళ్లకు రోడ్డు పక్క గోడలున్నాయి. ఆడవాళ్లకు ప్యాకేజీ ఒక ప్రత్యేక నియమం ఏర్పరిచింది: ఉదయం కాఫీ తరువాత మంచినీళ్లు తాగకూడదు. ఇది ఎక్కడా రాసి ఉండదు. తల్లి కూతురికి, మేనత్త కోడలికి మెల్లగా చెబుతారు. నలభై డిగ్రీల ఎండలో పొద్దుటినుంచి గొంతు తడుపుకోకుండా తిరిగి, సాయంత్రానికి తలనొప్పితో పడుకున్న మనిషిని చూసి ‘ఈవిడకు ప్రయాణాలు పడవు’ అని ఇంటివాళ్లు తేల్చేస్తారు. మలివిడత కరపత్రంలోనూ ఆ నాలుగు ఉండవు, ఇంకో రెండు పాయింట్లు చేరుతాయి.

వండలూరు జూ 1985లో తెరిచారు. ఆరువందల హెక్టార్లు. నడిచి చూస్తే పూట పడుతుంది, అద్దె సైకిళ్లు, బ్యాటరీ బండ్లు ఉన్నాయి. ప్యాకేజీ గంట ఇస్తుంది. ఆ గంటలో కోతులు, పక్షులు, దూరంగా పడుకున్న పులి తోక కనిపిస్తాయి. నగరం నడిబొడ్డున గిండీ జాతీయవనం అంచున పిల్లల పార్కు, 1972 నాటి పాముల పార్కు ఉన్నాయి. చిన్నవి, చెట్ల నీడవి, గంటలో హాయిగా అయిపోయేవి. గంటలో అయ్యేదాన్ని వదిలి పూట పట్టేదాన్ని గంటలో ముగించడంలోనే నిర్వాహకుడి నేర్పు ఉంది.

ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద వినోద పార్కులు వరసగా వస్తాయి. వీటి గేటు దగ్గర పిల్లవాడి ఎత్తు కొలుస్తారు. బాల్యం ఎక్కడ ముగుస్తుందో చెప్పే అధికారం ఇక్కడ తల్లిదండ్రులకు గానీ, బర్త్ సర్టిఫికెట్‌కు గానీ లేదు, గోడమీది గీతకు ఉంది. గీత దాటితే పెద్ద టికెట్. తీరా లోపలికి వెళ్లాక ప్రతి రైడు దగ్గరా ఇంకో గీత ఉంటుంది, దాన్ని అందుకోకపోతే ఎక్కనివ్వరు. అందుకే తండ్రులు కొడుకులకు గేటు దగ్గర వంగడం, రైడు దగ్గర సాగడం నేర్పిస్తారు. కుటుంబ పర్యటనలో తండ్రి స్వయంగా పాఠం చెప్పే సందర్భం ఇదొక్కటే. తాతయ్య, బామ్మ ఏ రైడూ ఎక్కరు గానీ వాళ్లకూ టికెట్ ఉంది. ఆ డబ్బుకు వాళ్లు చెట్టు కింద సంచుల కాపలా కాస్తారు.

ఇంకా ముందుకు పోతే వడనెమ్మెలి దగ్గర, 1976లో రోములస్ విటేకర్ స్థాపించిన మద్రాసు మొసళ్ల కేంద్రం. వేటకు గురై తగ్గిపోతున్న మొసలి జాతులను పెంచి కాపాడడానికి పెట్టినది. ఇక్కడ కుటుంబాల ప్రధాన ఆరోపణ, మొసళ్లు కదలవని. గట్టు మీద నోరు తెరుచుకుని గంటల తరబడి పడి ఉండడం మొసలి పని, ఒంటి వేడి తగ్గించుకునేది అలాగే. ఈ సంగతి బోర్డు మీద చదివే తీరిక లేక, డబ్బులిచ్చి వచ్చినందుకు కదలాలన్న పట్టుదలతో కొందరు పెద్దలు రాయి కోసం చుట్టూ చూస్తారు. పిల్లలు ‘వద్దు నాన్నా’ అంటారు.

మహాబలిపురం 1984 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలం. నిర్వహణ భారత పురావస్తు శాఖది. పదిహేనేళ్లలోపు పిల్లలకు అసలు టికెట్టే లేదు, గోడమీద గీత కూడా లేదు. బహుశా అందుకే చాలా కరపత్రాల్లో వినోద పార్కు పిల్లల పాయింటు, మహాబలిపురం పెద్దల పాయింటు. అర్జునుడి తపస్సుగా కొందరు, గంగావతరణంగా కొందరు చెప్పే ఆ పెద్ద బండను చూస్తే ఈ విభజన ఎవరు చేశారో అర్థం కాదు. నిలువెత్తు ఏనుగులు, వాటి పొట్టల కింద గున్నలు, నాగులు, సింహాలు, వేటగాళ్లు. ఓ మూల వెనకకాళ్ల మీద నిలబడి ముందుకాళ్లు పైకెత్తి తపస్సు చేస్తున్న పిల్లి, దాని చుట్టూ భక్తితో చేరిన ఎలుకలు. పల్లవుల రాజశిల్పి అంత గంభీరమైన ఘట్టంలో దొంగజపానికి చోటిచ్చాడంటే పిల్లలు చూస్తారని తెలిసే ఇచ్చి ఉంటాడు. ‘పిల్లి ఎక్కడుందో కనిపెట్టు’ అని ఒక్క మాట చెప్పి వదిలేస్తే చాలు, పిల్లలు బండ ముందు నుంచి కదలరు. కదలకపోవడమే ఇబ్బంది. తరువాతి పాయింటు కృష్ణుడి వెన్నముద్ద కనుక.

వెన్నముద్ద వాలుబండ మీద నిలిచిన ఇరవై అడుగుల గుండు. బరువు దాదాపు రెండువందల యాభై టన్నులంటారు. దాని కింద చేతులు పెట్టి మోస్తున్నట్టు ఫోటో దిగడం ప్రతి కుటుంబ పెద్దా నెరవేర్చవలసిన బాధ్యత. చోటు కోసం వరస కడతారు, ముందున్నవాడు చేతులు దించకపోతే గొడవ పడతారు. ఈ లోపల పిల్లలు పక్కనున్న నున్నటి వాలు మీద పైనుంచి కిందికి జారుతుంటారు. రోజు మొత్తంలో ఎవరూ వాళ్లకు టికెట్ కొనని, ఎవరూ ఏర్పాటు చేయని ఆట అదే. లాగు చిరిగిందని తిట్టి వ్యానెక్కిస్తారు.

దారిలో దాటి వచ్చినదాన్ని కూడా చెప్పాలి. ముట్టుకాడు దగ్గర, వినోద పార్కుల మధ్యనే, దక్షిణచిత్ర ఉంది. 1996లో తెరిచారు. దక్షిణాది నాలుగు భాషల నేలల నుంచి పాత ఇళ్లను విప్పి తెచ్చి, లేదా అచ్చంగా అలాగే కట్టి నిలబెట్టారు. కేరళ కర్ర ఇల్లు, చెట్టినాడు వ్యాపారి ఇల్లు, తెలుగు నేల నుంచి ఇక్కత్ నేతగాడి ఇల్లు, విశాఖ తీరపు చుట్టిల్లు. తుపానుగాలి చుట్టూ తిరిగి పోయేలా గుండ్రంగా కట్టి, గడ్డికప్పు నేలదాకా దించిన చుట్టిల్లులో తాతయ్య పుట్టి ఉండవచ్చు. మనవడికి చూపించి చెప్పడానికి ఆయన దగ్గర బోలెడంత ఉంటుంది. వ్యాను ఆ గేటు ముందు వేగం తగ్గించదు. అక్కడ చుట్టిల్లు ఉందని తాతయ్యకూ తెలియదు.

చివరి పాయింటు త్యాగరాయనగర్‌లో షాపింగ్. ఇక్కడ మాత్రం మూడు గంటలు ఇస్తారు. పేట పేరు పిట్టి త్యాగరాయ చెట్టిది, పార్కు పేరు పానగల్ రాజా రామరాయణింగారిది, ఇద్దరూ తెలుగువాళ్లు, జస్టిస్ పార్టీ నాయకులు. ఆ పార్కులో బల్లలు, చెట్ల నీడ ఉన్నాయి గానీ కుటుంబం వెళ్లేది ఎదుటి పట్టుచీరల అంతస్తులకు. ఒక మాట ఒప్పుకోవాలి, ఆ అంతస్తుల్లో ఏసీ ఉంది, కుర్చీలున్నాయి, మంచినీళ్లు ఇస్తారు, మరుగుదొడ్లు శుభ్రంగా ఉంటాయి. బామ్మ రోజంతటిలో మొదటిసారి నవ్వేది ఇక్కడే.

తృప్తి తీరనివాళ్లకు ఇదే లెక్కను రాష్ట్రమంతా పరిచి ‘ఐదు రోజుల్లో తమిళనాడు’ అని అమ్ముతారు. కంచి, పుదుచ్చేరి (అది తమిళనాడు కాదన్న సంగతి ప్యాకేజీని ఆపదు), చిదంబరం, తంజావూరు, మదురై, రామేశ్వరం, కన్యాకుమారి. చెన్నై నుంచి కన్యాకుమారికే దాదాపు ఏడువందల కిలోమీటర్లు కనుక రాత్రులన్నీ బస్సులోనే గడుస్తాయి, పగళ్లు మూసిన గుడి తలుపుల ముందు గడుస్తాయి. వెయ్యేళ్ల తంజావూరు పెద్దగుడికి ముప్పావుగంట. చివర్లో సముద్రం మధ్య 1970 నాటి వివేకానంద శిలాస్మారకం, 2000లో ఆవిష్కరించిన నూట ముప్పైమూడు అడుగుల తిరువళ్లువర్ విగ్రహం. అక్కడికి ఫెర్రీలో వెళ్లాలి, క్యూ సెలవుల్లో గంటలు పడుతుంది. క్యూ పొడుగ్గా ఉంటే రెంటినీ ఒడ్డు నుంచే చూపిస్తారు, దాన్ని రెండు పాయింట్లుగా లెక్కిస్తారు.